బండి ముక్కు

బండి పక్క డబ్బా మూత తీసి చూసేదాకా నీలకంఠం ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ముందురోజు సాయంత్రం ప్రాక్టీసులో దొరబాబు పడ్డాడు. గాజువాక అవతల ఎర్రమట్టి మైదానంలో గుట్ట దిగి మంచి జోరు మీద వస్తుండగా ఇంజను పట్టేసింది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయి బండి ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి వెళ్ళారు. వెనకాల వస్తున్నవాడు ఆఖరి క్షణంలో హ్యాండిలు తిప్పేశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ చక్రం దొరబాబు మెడ మీంచే పోయేది. భుజం వాచింది, మోచేతి తోలు లేచిపోయింది. అయినా నవ్వుకుంటూనే ఇంటికి వచ్చాడు. వాడి నవ్వు చూసి అక్క సీతాలుకి ఇంకా భయం వేసింది.

ఇప్పుడు ఆమె చేతిలో టీ గ్లాసు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. నీలకంఠం ఆమె మొగుడు. ఇంటి ముందు రేకుల షెడ్డులో మట్టి రేసుల బండ్లు తయారు చేస్తాడు. ఆయన సిలిండరు విప్పేశాడు. పిస్టను ఒంటినిండా గీతలు. ఆ గీతలు చూశాక పక్క డబ్బాకున్న క్లిప్పు లాగి లోపలి ఫిల్టరు మెల్లిగా బయటికి తీశాడు. వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. స్పాంజి అంచు చుట్టూ గ్రీసు ఉంది. ఒక్కచోట మాత్రం, బొటనవేలంత మేర, లేదు. అక్కడినుంచి ఎర్రటి దుమ్ము చార ఒకటి లోపలి గొట్టంలోకి తిన్నగా పోయింది.

నీలకంఠం ఆ చారని వేలితో తుడిచి, ఆ వేలు భార్యకి చూపించాడు. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది సీతాలుకి.

ఫిల్టరంటే మరేం లేదు, నూనె పట్టించిన స్పాంజి. బండి ఊపిరంతా దాంట్లోంచే. రేసు అయ్యాక దాన్ని ముందు కిరసనాయిల్లో ముంచి మట్టి వదిలించాలి. తర్వాత సబ్బు నీళ్ళు. పిండేటప్పుడు రెండు అరచేతుల మధ్యా పెట్టి నొక్కాలే తప్ప బట్టలా మెలిపెట్టకూడదు, అతుకులు ఊడిపోతాయి. నీడన ఆరాలి. ఆరాక గేరాయిలు పోసి, చపాతీ పిండిలా పిసికి, రంగు అంతటా ఒకేలా వచ్చాక ఎక్కువైన నూనె నొక్కి తీసేయాలి. ఆఖర్న అంచు చుట్టూ దట్టంగా గ్రీసు. డబ్బాకీ స్పాంజికీ మధ్య చీమ దూరే సందు కూడా ఉండకూడదు. ఉంటే బండి స్పాంజిలోంచి పీల్చడం మానేసి ఆ సందులోంచే మట్టి మింగుతుంది. పెళ్ళయిన కొత్తలో నీలకంఠమే ఈ పని నేర్పించాడు. తర్వాత ఆయన మర్చిపోయాడు, ఆమె చేతికి వచ్చేసింది. షెడ్డుకి వచ్చేవాళ్ళెవరికీ అదొక పనిగా కనిపించేది కాదు. ఇప్పుడు మాత్రం అందరికీ కనిపించింది.

"రాసినాను బావా," అంది సీతాలు.

"రాత్తే ఇదేటి?"

శనివారం ఫిల్టరు తానే బిగించింది. ఎప్పటిలాగే క్లిప్పు దగ్గర మొదలుపెట్టి రెండు చుట్లు వేలు తిప్పి ఉంటుంది. ఉంటుంది అనుకోవడమే గాని తిప్పినట్టు కళ్ళకి కట్టడం లేదు. రోజూ వేసే తలుపు గడియ నిన్న వేశామా లేదా అంటే ఎవరు చెప్పగలరు? అలాంటి పని అది. కాని తలుపు గడియ మర్చిపోతే దొంగాడు వస్తాడు. ఇది మర్చిపోతే తమ్ముడు పోతాడు. ఆ ఆలోచన వచ్చాక చేతిలో టీ గ్లాసు పక్కనున్న టైరు మీద పెట్టేసింది.

మర్నాడు తిరుమలరావు వచ్చాడు. ఆయనకి వన్ టౌన్‌లో నట్లు, బోల్టుల హోల్‌సేలు దుకాణం ఉంది. రేసులంటే పిచ్చి. బండి ఆయనది, బండి మీద రాసిన పేరు ఆయనది, ఎముకలు మాత్రం దొరబాబువి. గీతలు పడ్డ పిస్టనుని చేతిలో పట్టుకుని చాలాసేపు నాలుక చప్పరించాడు. ఇంజను పని ఆడవాళ్ళ చేతికి వదిలేస్తే ఇలాగే ఉంటుందని, వచ్చే ఆదివారం అసలు రేసుకి మాత్రం మగవాడి చెయ్యే పడాలని తేల్చి చెప్పాడు. దొరబాబు అడ్డుపడి, తన అక్క చేసిన ఫిల్టర్లతో ఇన్నాళ్ళూ నడిపానని ఏదో అనబోయాడు. కట్టు కింద భుజం నొప్పి వాడిని సగంలో ఆపింది. నీలకంఠం తల ఊపాడు. భార్య వైపు చూడకుండానే ఊపాడు.

ఆ సాయంత్రమే ఆయన ఫిల్టరు పనికి కూర్చున్నాడు. పెరట్లో బట్టలు తీస్తున్న సీతాలు చూస్తూనే ఉంది. సబ్బు నీళ్ళలోంచి తీసి, అలవాటు తప్పిన చేత్తో, తుండుగుడ్డ పిండినట్టు మెలిపెట్టి పిండేశాడు. ఆమె చేతిలో బట్ట తీగ మీదే వదిలేసింది. అలా పిండకూడదని చెప్పడానికి రెండడుగులు ముందుకు వేసింది. నీలకంఠం తలెత్తి చూశాడు. ఏ మొహం పెట్టుకుని చెబుతావన్నట్టు ఉంది ఆ చూపు. ఆమె బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఆమెకి అన్నం సరిగా లోపలికి పోలేదు. గ్యాసు కట్టేశానా అని రెండుసార్లు చూసుకునేది. నూతి మీద మూత పెట్టానా అని మళ్ళీ వెళ్ళేది. కుడిచేతి చూపుడు వేలు కేసి చూసుకునేది. గోటి చుట్టూ గ్రీసు నలుపు ఎంత తోమినా పోని వేలు అది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పప్పు డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని, దాని అంచుకి గ్రీసు రాసింది. కళ్ళు తెరిచి చూస్తే రెండు చుట్లు, ఎక్కడా ఖాళీ లేదు. చివర వేలు లోపలికి మడిచి ముగించే చిన్న తోక కూడా పడింది. మళ్ళీ తుడిచి మళ్ళీ రాసింది. ఎన్నిసార్లు రాసినా వేలు తనంతట తానే నిండుగా తిరిగి వచ్చింది. అది చూసి ఆమెకి ధైర్యం రావాల్సింది. రాలేదు. ఇంత తెలిసిన వేలు ఆ ఒక్కరోజు అక్కడ ఆగిపోయిందంటే ఇంక దేన్ని నమ్మాలి?

శనివారం మధ్యాహ్నానికి బండి సిద్ధమైపోయింది. కొత్త పిస్టను పడింది. నీలకంఠం ఒక స్పేరు గ్యాస్కెట్టు కోసం స్కూటరేసుకుని వన్ టౌన్ వెళ్ళాడు. దొరబాబు లోపల నిద్రపోతున్నాడు. తల్లి కాశమ్మ ఊరంతా తిరిగి చేపలమ్ముకుని ఖాళీ గంపతో వచ్చింది. రేసు ముందురోజు వచ్చి, రాత్రికి ఉండి, కొడుకుతో పాటు మైదానానికి వెళ్ళడం ఆమెకి అలవాటు. సీతాలు తల్లికి మంచినీళ్ళిచ్చి పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి షెడ్డు వైపు చిన్న చప్పుడైంది. రేకు సందులోంచి చూసింది.

కాశమ్మ బండి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. రూపాయి బిళ్ళతో పక్క మూత మర తిప్పి తీసింది. క్లిప్పు లాగింది. రొంటిన ఉన్న కాగితం పొట్లం తీసి కళ్ళకద్దుకుని, స్పాంజి అంచు కొంచెం పైకి లేపి, ఆ సందులో దోపింది. మళ్ళీ క్లిప్పు పెట్టేసింది. చేప కడిగినంత సుళువుగా చేసింది ఆ పని.

సీతాలు వెళ్ళి తల్లి ఎదురుగా నిలబడేసరికి ఆమె మర బిగిస్తోంది.

"ఏటి సేత్తన్నావమ్మా?"

కాశమ్మ ఉలిక్కిపడింది గాని దాచలేదు. "అమ్మోరి పసుపే. ఎవులికీ సెప్పకు. బండికి ముక్కు ఇదేనని నువ్వే కదేటే సెప్పినావు."

నిజమే. ఎప్పుడో తల్లి పక్కన కూర్చుని చూస్తుంటే, ఇదేమిటని అడిగితే, బండి ఇక్కడినుంచే ఊపిరి పీలుస్తుంది, ఇదే దాని ముక్కు అని చెప్పింది. కాశమ్మది పడవల ఇల్లు. పడవ నీళ్ళలోకి దిగేముందు దాని ముక్కుకి పసుపు రాయకుండా ఆమె ఎప్పుడూ వదల్లేదు. వదిలినది ఒక్కసారే. జ్వరంతో లేవలేకపోయిన ఆ రోజు వెళ్ళిన పడవలో మొగుడు తిరిగి రాలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

"ఎప్పట్నించి పెడతన్నావు?" అంది సీతాలు.

"పోయిన ఆదోరమే మొదలు. గుట్టలు పెంచీసినారని దొరబాబు సెప్తే గుండె ఆగినాది. సూసినావు కదా, ఎలాగ కాసిందో! ఆ జోరులో పోతే ఏటయిపోయీవోడో, అమ్మోరు బండి నిలబెట్టీసింది. ఒట్టి భుజంతో పోనాది." కాశమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. పడిపోయిన బండిని ట్రాలీ ఆటోలో తెచ్చినప్పుడు, అందరూ కొడుకు చుట్టూ మూగి ఉండగా, విరిగిన బండి మీద అమ్మవారి పసుపు ఉండకూడదని పొట్లం తనే తీసేశానని కూడా చెప్పింది.

ముందు సీతాలుకి ఒంట్లోంచి బరువేదో దిగిపోయింది. తను మర్చిపోలేదు. తన వేలు తప్పు చెయ్యలేదు. ఆ బొటనవేలంత ఖాళీ పొట్లం కూర్చున్న చోటు. వారం రోజుల తర్వాత మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ వెంటనే తన మీద తనకి సిగ్గేసింది. సిగ్గు తర్వాత భయం వచ్చింది, అదివరకటి దానికంటే పెద్దది. రేపు ప్రాక్టీసు కాదు. దొరబాబు వెనకాల ఒక్కడు కాదు, గుంపు ఉంటుంది. అందరూ హ్యాండిలు తిప్పలేరు.

చెప్పాలని నోరు తెరిచింది. తల్లి మొహం చూసింది. తండ్రి పోయాక ఏ రేసు ముందురోజూ ఆ మొహం అంత తేటగా లేదు. నువ్వు పెట్టిన పసుపే నీ కొడుకుని పడేసిందని ఆ మొహంతో ఎలా అనడం? పసుపు పెట్టనందుకు మొగుడు పోయాడనుకునే మనిషికి, పెట్టినందుకు కొడుకు పోబోయాడని ఎవరు చెబుతారు?

"కాళ్ళు కడుక్కోమ్మా. అన్నం పెడతాను," అంది.

కాశమ్మ నూతి దగ్గరికి వెళ్ళగానే సీతాలు బండి ముందు కూలబడింది. మూత తీసింది. పొట్లం లాగి కొంగున ముడేసుకుంది. ఫిల్టరు బయటికి తీసి చూస్తే, అనుకున్నంతా అయింది. మెలిపెట్టి పిండిన చోట అతుకు నోరు తెరిచి ఉంది. ఆమె వంటింట్లోకి పరిగెత్తింది. అటక మీద ఆరబెట్టిన రెండో స్పాంజి తెచ్చింది. గేరాయిలు పోసి పిసుకుతుంటే వీధిలో ప్రతి స్కూటరు చప్పుడూ నీలకంఠందే అనిపించింది. బండి ముట్టుకోవద్దన్న మాట ఆయన నోటితో అనలేదు. అయినా ముట్టుకున్నట్టు తెలిస్తే, రేపు ఏం జరిగినా, పడినా పడకపోయినా, అది తన మీదికే వస్తుంది. గ్రీసు డబ్బాలో వేలు పెట్టాక మాత్రం వేలు తడబడలేదు. క్లిప్పు దగ్గర మొదలుపెట్టి రెండు చుట్లు తిరిగి, లోపలికి మడిచి ఆగింది. ఈసారి ఆమె కళ్ళప్పగించి చూసింది, మళ్ళీ ఎవరైనా అడిగితే చెప్పడానికి.

మర బిగించి చెయ్యి చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంటుండగా స్కూటరు ఆగింది. నీలకంఠం వచ్చి బండి కేసి, ఆమె కేసి చూశాడు. అన్నం అయిందా అని అడిగాడు.

ఆదివారం మైదానం నిండా జనం. గాజువాక జనమంతా అక్కడే ఉన్నట్టుంది. తాటాకు పందిట్లో మైకు గోల. బండ్లు ఒక్కసారి కదిలేసరికి ఎర్ర దుమ్ము లేచి మనుషులెవరూ కనపడలేదు, చప్పుడే మిగిలింది. కాశమ్మ తాడు పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చుని, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలిచి కూతురి చేతిలో పెడుతోంది. నీలకంఠం, తిరుమలరావు అవతలి మలుపు దగ్గర ఉన్నారు.

సీతాలు ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదు. కొంగు ముడిలో పొట్లం రాయిలా తగులుతోంది. అమ్మవారి పసుపు తీసి తన నడుముకి కట్టుకుంది. అంత తెగువ ఆమెకి ఎప్పుడూ లేదు. గ్రీసు ఉంది, సందు లేదు, మట్టి పోదు, అది తెలుసు. కాని బండి పట్టెయ్యడానికి మట్టి ఒక్కటే కారణమా? నిజంగానే అమ్మవారు కాసి ఉంటే? ఆ కాపుని తన చేతులతో తనే తీసేసి ఉంటే? దుమ్ములోంచి బండి గుట్ట మీదికి లేచినప్పుడల్లా ఆమె గింజలున్న పిడికిలి బిగించి, చక్రాలు నేలకి తగిలేదాకా విప్పడం లేదు. ఇంజను గొంతు ఎక్కడైనా బొంగురు పోతుందేమోనని చెవులు రిక్కించి వింది.

కొన్ని చుట్లయ్యాక కాశమ్మ ఒలవడం మానేసింది.

"ఇంకా నిలబడలేదేటే?" అంది.

సీతాలుకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తల్లి కేసి తిరిగి చూసింది. తల్లి ఇంతసేపూ కొడుకు గెలుస్తాడని చూడటం లేదు. బండి ఎప్పుడు ఆగుతుందా అని చూస్తోంది. పోయినసారిలాగే అమ్మవారు వచ్చి మధ్యలో బండిని నిలబెట్టి కొడుకుని ఇంటికి పంపించేస్తుందని ధీమాగా వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. బండి ఆగడం లేదు. చుట్టు చుట్టుకీ జోరు పెరుగుతోంది.

"ఆపదేటి? ఎందుకాపదు?" కాశమ్మ లేచి తాడు పట్టుకుంది. ఒడిలో తొక్కలన్నీ రాలిపోయాయి. తాడు దాటి లోపలికి పోబోతే సీతాలు రెండు చేతులతో నడుం పట్టుకుని ఆపింది. రేసు అయ్యేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు, ఒకరు బండి ఆగాలని, ఒకరు ఆగకూడదని.

బండి ఆగలేదు. దొరబాబు మూడోవాడిగా వచ్చాడు. హెల్మెట్టు తీస్తే పళ్ళు తప్ప మిగతా మనిషంతా ఎర్రమట్టే. కాశమ్మ వాడి భుజం, మెడ, మొహం తడుముకుంది.

నీలకంఠం అక్కడికక్కడే మూత తీసి ఫిల్టరు బయటికి లాగాడు. బయటివైపు ఇటుకలా ఎర్రగా మట్టి పట్టేసింది. తెల్ల బనీను గుడ్డ వేలికి చుట్టి లోపలి గొట్టంలో తిప్పి తీశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. తిరుమలరావు ఆ గుడ్డ చుట్టూ ఉన్నవాళ్ళకి తిప్పి చూపించి, మగవాడి చెయ్యి పడితే ఎలా ఉంటుందో చూశారా అన్నాడు. నీలకంఠం స్పాంజి అంచు చూశాడు. రెండు చుట్లు, చివర లోపలికి మడిచిన తోక. ఆ తోక ఎవరిదో ఆయనకి తెలుసు. తర్వాత ఫిల్టరు సంచిలో పెట్టేసి, అవునండీ అన్నాడు.

సీతాలుకి చురుక్కుమంది. కాని అప్పుడామె చూపు మొగుడి మీద లేదు. కాశమ్మ ఖాళీ డబ్బాలోకి తొంగి చూస్తోంది. వంగి లోపల చెయ్యి పెట్టి వెతికింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

సీతాలు కొంగు ముడి విప్పి పొట్లం తల్లి చేతిలో పెట్టింది. కాగితం గ్రీసుతో జిడ్డుగా ఉంది. కాశమ్మ దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. జిడ్డు పట్టిన చోటు, పట్టని చోటు వేలితో తడిమింది. పడవ చెక్కల సందుల్లో దూదీ గుగ్గిలమూ కూరి, మొగుడితో పాటు ఏళ్ళ తరబడి ఆ సందులు పూడ్చిన మనిషి ఆమె. సందులో ఏదైనా అడ్డం ఉంటే నీరు ఎలా దూరుతుందో ఎవరూ ఆమెకి చెప్పక్కర్లేదు.

"అయితే ఆ రోజు పడ్డది..." అని ఆగిపోయింది.

"ఆ రోజు నానే గ్రీసు రాయడం మర్సిపోనానమ్మా," అంది సీతాలు.

నీలకంఠం పక్కనే ఉన్నాడు, విన్నాడు. వినాలనే అంది. కాశమ్మ కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. పొట్లం రొంటిన పెట్టుకుంది. బస్సులో ఇంటికి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది, మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. గంప లేదు. ఆ వేళప్పుడు ఆమె బజార్లో ఉండాలి. నీలకంఠం పెరట్లో పీట మీద కూర్చుని, కిరసనాయిలు డబ్బాలో స్పాంజి ముంచబోతున్నాడు. సీతాలు దూరంగా బియ్యం ఏరుతోంది. కాశమ్మ అల్లుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ పని దానికిచ్చీ బాబూ," అంది. "అది మర్సిపోయే మనిషి కాదు."

నీలకంఠం తలెత్తలేదు. చేతిలో స్పాంజిని డబ్బా పక్కన పెట్టాడు. తర్వాత లేచి, చేతులు తుడుచుకుని, పీట ఖాళీ చేసి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

సీతాలు వచ్చి కూర్చుంది. ఆమె కడుగుతున్నంతసేపూ కాశమ్మ పక్కనే ఉండి చూసింది. ఆ తడి స్పాంజిని నీడకి పెట్టి, అతుకు ఊడినదాని బదులు కొత్తగా తెచ్చిన ఇంకోదానికి నూనె పట్టించి, సీతాలు గ్రీసు డబ్బా మూత తీసేసరికి కాశమ్మ ఆ డబ్బా తన వైపు లాక్కుంది. చీర కొంగుతో వేలు శుభ్రంగా తుడుచుకుని గ్రీసులో పెట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగింది. క్లిప్పు దగ్గర, అని సీతాలు చూపించింది.

కాశమ్మ వేలు నెమ్మదిగా, అదిమి పట్టి, పడవ సందు పూడ్చినట్టే అంచు వెంట తిరిగి వచ్చింది. రెండో చుట్టు కూడా పూర్తయింది. వేలు తీయబోయి ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఒక్కచోట, బొటనవేలంత మేర, ఇంకోసారి రాసింది. నిండుగానే ఉన్న ఆ చోటునే మళ్ళీ మళ్ళీ రాస్తూ కూర్చుంది. సీతాలు గ్రీసు డబ్బా తల్లి వైపు ఇంకొంచెం జరిపింది.